రోజూ పూజ చేసేవాడినే, ధ్యానానికి కూర్చుంటే మాత్రం పది నిమిషాలు నిలవడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నా?

మిర్చియార్డు గుమాస్తా అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికతో చదవండి.

మాది వరంగల్, కాశిబుగ్గ వైపు. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. వయసు 36. శుక్రవారం భద్రకాళి గుడికి పోవడం చిన్నప్పటి నుంచి అలవాటు, ఇంట్లో పొద్దున దీపం పెట్టి లలిత చదువుకుంటాం, అమ్మకు నోటికి వస్తుంది, నేను పుస్తకం చూసి వెనకాల అంటుంటా. కాబట్టి ఇది దేవుడి మీద నమ్మకం లేక అడిగే ప్రశ్న కాదు. పోయిన దసరా నుంచి ఏమనిపిస్తుందంటే, నోరు చదువుతుంది, చేతులు పువ్వులు వేస్తున్నాయి, నేను మాత్రం అక్కడ లేను. వెయ్యి నామాలు అయిపోయాక "అయిపోయిందా" అనుకుంటున్నా. అందుకే ధ్యానం నేర్చుకుందామని మొదలు పెట్టా.

యూట్యూబులో చూసి శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుంటున్నా. ఎంత వయసు ఉంటే అన్ని నిమిషాలు కూర్చోవాలన్నారు, అంటే నాకు 36. మొదటి రోజు చాలాసేపు అయిందనుకుని కళ్ళు తెరిచి ఫోన్ చూస్తే ఆరు నిమిషాలు! అప్పటికే ఎడమ కాలు తిమ్మిరెక్కి నాది కానట్టుంది.

నా బాధలు ఇవీ. శ్వాసను చూడటం మొదలు పెట్టగానే అది బిగుసుకుపోతుంది, నేను పీలిస్తేనే వస్తుంది లేకపోతే ఆగిపోతుంది అన్నట్టు, గుండె కూడా దడ. పైగా ఇది మిర్చి సీజన్. పొద్దంతా తేజ రకం మిర్చి బస్తాల మధ్య తిరిగి వచ్చినవాడికి ముక్కులో ఏముంటుందో ఈ మార్కెట్ వాళ్ళకే తెలుసు, ముక్కు కొన మీద దృష్టి పెట్టమంటే తుమ్ములు తప్ప ఇంకేం రావడం లేదు. తుమ్ములు ఆగితే లెక్కలు మొదలు, ఏ రైతువి ఎన్ని బస్తాలు, కాంటా ఎంత వచ్చింది, హమాలీ ఎంత పోయింది. అవి కూడా ఆగితే నిద్ర.

ఇంకొకటి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. శ్వాసను చూస్తూ కూర్చుంటే అమ్మవారిని బయట నిలబెట్టి నేను లోపల తలుపేసుకున్నట్టు అనిపిస్తుంది. ఇది నా ఒక్కడికేనా?

ఒకాయన ఏమో 41 రోజులు ఆగకుండా చేయాలి, మధ్యలో ఒక్కరోజు తప్పినా మళ్ళీ మొదటి నుంచే అన్నాడు. నాకు తొమ్మిదో రోజే తప్పింది, ఆ రోజు బండ్లు ఎక్కువ వచ్చి రాత్రి పదకొండు దాటింది. ఇంకొకాయన మూడు రోజుల్లో కుండలిని లేపిస్తా, 15 వేలు అన్నాడు. నా జీతంలో అది ఎంతో మీకు చెప్పక్కర్లేదు, అయినా నిజం చెప్తున్నా, ఒక రాత్రంతా ఆలోచించా.

సూటిగా చెప్పండి. నాలాంటివాడికి కుదిరే పనేనా ఇది?

టీచరమ్మ, హనుమకొండ:

తమ్ముడూ, ముందు ఆ 15 వేలు జేబులోనే ఉంచుకో.

నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, గురువును కాను, జపం చేసుకునే మామూలు మనిషిని. నీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే నచ్చింది నువ్వు సిగ్గుపడుతూ రాసిన ముక్కే, అందుకే అక్కడి నుంచే మొదలు పెడతా. రేపు పొద్దున మీ ఇంట్లో లలిత పుస్తకం తెరిచి నామాల కంటే ముందు పేజీలు చూడు. "ధ్యానం" అని రాసి, దాని కింద సిందూరారుణ విగ్రహాం అని శ్లోకం ఉంటుంది. మనం ఏం చేస్తాం? దాన్ని ఇరవై సెకన్లలో గబగబా అనేసి శ్రీమాతా దగ్గరికి ఉరుకుతాం. అందులో చివర "ధ్యాయేత్" అని ఉంది చూడు, ధ్యానించాలి అని చెప్తుంది, చదవాలి అని కాదు. సిందూరం లాంటి ఎర్రటి దేహం, మూడు కళ్ళు, మాణిక్యాల కిరీటం మీద చంద్రుడు, చిరునవ్వు, ఒక చేతిలో రత్నాల పాత్ర, ఇంకో చేతిలో ఎర్ర కలువ, రత్నాల కుండ మీద ఆనించిన ఎర్రటి పాదాలు. ఒక్కొక్కటీ కళ్ళ ముందుకు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత నామాలు చదవమని ఆ పుస్తకమే చెప్తుంటే మనం బస్సు పోతుందన్నట్టు చదువుతున్నాం. నేనూ నలభై ఏళ్ళు వచ్చేదాకా అట్లాగే చదివా.

వ్రతాల్లో కూడా అంతే. షోడశోపచార పూజలో మొదటి ఉపచారం ఏమిటి? పంతులుగారు "ధ్యాయామి, ధ్యానం సమర్పయామి" అనగానే మనం ఒక పువ్వు వేస్తాం. ఆవాహనం, ఆసనం అన్నీ ఆ తర్వాతే. ఆ పువ్వుకు పట్టే సమయమే మన ధ్యానం! కాబట్టి ధ్యానం వేరే దుకాణంలో దొరికే సరుకని అనుకోకు, నీ పూజలోనే ఉంది, దాటేసి పోతున్నావు అంతే.

నేనైతే నీకు చెప్పేది, శ్వాస సంగతి కొన్నాళ్ళు పక్కన పెట్టు. దీపం పెట్టాక ఆ ఒక్క శ్లోకంతో ఐదు నిమిషాలు కూర్చో. పాదాల నుంచి మొదలు పెట్టు. మొత్తం రూపం రాకపోయినా ఫికర్ లేదు, పాదాల దగ్గరే ఐదు నిమిషాలు అయిపోతే అదే చాలు. రూపం కుదరకపోతే ఒక్క నామం పట్టుకో, శ్రీమాత్రే నమః అని మెల్లగా మనసులో. గీత పన్నెండో అధ్యాయంలో కృష్ణుడు అదే అంటాడు, రూపం లేనిదాన్ని పట్టుకునేవాళ్ళకు కష్టం ఎక్కువ, దేహం ఉన్నవాళ్ళకు ఆ దారి కష్టం మీద దొరుకుతుంది అని. అట్లాంటిది నువ్వు కొద్ది రోజుల్లోనే మిర్చి ఘాటు మధ్యలో సాధించాలంటే ఎట్లా?

ఇక మనసు నిలవడం లేదు అన్నావు. అర్జునుడికే నిలవలేదు, మనసును పట్టడమంటే గాలిని పట్టినట్టే ఉంది అన్నాడు. ఆరో అధ్యాయం చదువు, అక్కడ వచ్చిన జవాబులో రెండే మాటలు ఉన్నాయి, అభ్యాసం, వైరాగ్యం. మనసు ఎక్కడికి పోతే అక్కడి నుంచి వెనక్కి తీసుకురా అంటాడు, పోనివ్వకు అనడు. నువ్వు బస్తాల లెక్కలో పడ్డావు, "అరె లెక్కలో పడ్డాను" అని తెలిసింది కదా, ఆ తెలిసిన క్షణం ధ్యానమే. ఆరు నిమిషాల్లో పదిసార్లు పోయి పదిసార్లు వెనక్కి వచ్చావంటే పదిసార్లు చేసినట్టు. బడిలో చేరిన పిల్లవాడు "అ" దిద్దేటప్పుడు పలక ఎన్నిసార్లు తుడుస్తాడో చూశావా? తుడిచాడని మేం ఎప్పుడూ మార్కులు తీసెయ్యలేదు.

కూర్చునే పద్ధతి. తిమ్మిరి ఎందుకంటే నువ్వు చదును నేల మీద కూర్చుని మోకాళ్ళు పైకి లేపి ఉంటావు, కాలు కింద నరం నొక్కుకుంటుంది. గొంగడిని నాలుగు మడతలు వేసి పిర్రల కింద మాత్రమే పెట్టుకో, తొడల కింద కాదు. నడుము మోకాళ్ళ కంటే నాలుగు వేళ్ళు ఎత్తులో ఉంటే వెన్ను దానంతట అదే నిలబడుతుంది. గోడకు ఆనుకున్నా తప్పు లేదు, నాకు మోకాళ్ళు అరిగాయి, నేను కుర్చీలోనే కూర్చుంటా. స్థిరంగా, సుఖంగా ఉన్నదే ఆసనం అని పతంజలి మహర్షి చెప్పింది, పద్మాసనమే వేయాలని కాదు.

41 రోజులంటావా, అది దీక్ష లెక్క. నువ్వు మాల వేసుకున్నావా? లేదు కదా. తొమ్మిదో రోజు తప్పింది, పదో రోజు కూర్చో.

కాజీపేట రైలుబండి:

టీచరమ్మ గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటా, శ్వాసను పక్కన పెట్టమన్న దగ్గర ఒప్పుకోను. ఎవరిది వాళ్ళకు పడుతుంది.

నేను రైల్వేలో చేస్తా, నైట్ డ్యూటీలు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్త ధ్యాన కేంద్రంలో పది రోజుల విపశ్యన చేసి వచ్చా, మౌనంగా ఉండి శ్వాసను, ఒంటిని గమనించే ధ్యానం, గోయంకా గారు నేర్పిన పద్ధతి. అన్నా, నీకు శ్వాస బిగుసుకోవడం అందరికీ అయ్యేదే. ఒంట్లో చాలా పనులు మన చేతిలో ఉండవు, గుండె కొట్టుకోవడం లాంటివి. కొన్ని పూర్తిగా మన చేతిలో ఉంటాయి. శ్వాస రెండు రకాలుగానూ నడుస్తుంది, నువ్వు పట్టించుకోకపోతే అదే నడుస్తుంది, పట్టించుకున్నావంటే స్టీరింగ్ నీ చేతికి ఇచ్చేస్తుంది. నువ్వు చూడాలనుకుని నడపడం మొదలు పెడుతున్నావు, అందుకే దడ. నేను ఏం చేశానంటే (ఇది అక్కడ చెప్పింది కాదు, ఇంట్లో నేను పెట్టుకున్నది) వదిలేటప్పుడు మాత్రమే చూసేవాణ్ణి. వదిలాక ఊరుకో. పీల్చడం నీ పని కాదు, అదే వస్తుంది, రాక ఎక్కడికి పోతుంది! నాలుగైదు రోజుల్లో బిగింపు పోయింది.

ముక్కు సంగతి, సీజన్ అయిపోయేదాకా ముక్కు వదిలేసి పొట్ట పట్టుకో. బొడ్డు పైన అరచేయి పెట్టు, చేయి లేస్తుంది దిగుతుంది, దాన్ని చూడు. తుమ్ము వస్తే తుమ్ము, ఎవరూ కొట్టరు.

నిద్ర గురించి సూటిగా అడుగుతా, నువ్వు ఎన్ని గంటలు పడుకుంటున్నావు? పదకొండింటికి ఇంటికి వచ్చి నాలుగున్నరకు లేచి కళ్ళు మూసుకుంటే నిద్ర కాక ఇంకేం వస్తుంది? అది నిద్ర బాకీ. డ్యూటీ దిగి వచ్చి కూర్చున్నప్పుడు నాకు గురక కూడా వచ్చిందని మా ఆవిడ చెప్పింది. బ్రహ్మ ముహూర్తం అంటే సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలవుతుంది, మంచి సమయమే, కానీ నిద్రపోయిన మనిషికి మంచి సమయం.

పది రోజుల కోర్సు గురించి తర్వాత ఎప్పుడైనా ఆలోచించు, అందుకే వివరం రాస్తున్నా. ఫీజు లేదు, భోజనం, పడక వాళ్ళదే, కోర్సు పూర్తి చేసినవాళ్ళే ఇష్టమైతే విరాళం ఇస్తారు. ఫోన్ తీసుకుని దాచిపెడతారు. పొద్దున నాలుగింటికి గంట కొడతారు, మాట్లాడొద్దు, సైగ చేయొద్దు, పక్కవాడి కళ్ళలోకి చూడొద్దు. మొదటి మూడు రోజులు కేవలం శ్వాసే, లెక్కపెట్టడం ఉండదు, మంత్రం కలపొద్దు. మూడో రోజుకు ముక్కు కింద పై పెదవి మీద ఉన్న అంత చిన్న చోటుకు వస్తావు, నాలుగో రోజు నుంచి ఒళ్ళంతా. నాకు మూడో రోజు సాయంత్రం పారిపోవాలనిపించింది, సంచి కూడా సర్దా. ఎప్పుడో ఇంటర్లో బాపుతో పడిన గొడవ గుర్తొచ్చి ఏడ్చా, ఎందుకో నాకూ తెలియదు.

నీకు ముఖ్యమైన విషయం ఒకటి, అక్కడ ఉన్న పది రోజులు పూజ, జపం, దీపం అన్నీ ఆపేయమంటారు. వద్దని కాదు, కలపొద్దని. నీ మనసు అమ్మవారిని బయట నిలబెట్టానని ఇప్పుడే బాధపడుతుంది కాబట్టి నీకు అది ఇప్పుడే వద్దేమో అనిపిస్తుంది. టీచరమ్మ గారి శ్లోకం ఒక ఏడాది చేసి చూడు.

సర్వపిండి:

అన్నా, ముందు ముక్కు కడుక్కో, తర్వాత మోక్షం సంగతి 😀

నవ్వులాటకు కాదు, మా మామ కూడా మార్కెట్లోనే చేస్తాడు. తడిపిన తువాలు ముక్కుకు కట్టుకుని పనిచేస్తాడు, ఇంటికి రాగానే జలనేతి చేస్తాడు, అంటే ఉప్పు నీళ్ళతో ముక్కు కడుక్కుంటాడు. అర లీటరు నీళ్ళకు చిన్న చెంచాడు ఉప్పు. నీళ్ళు మాత్రం మరగబెట్టి చల్లార్చినవే వాడాలి, నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు పచ్చివి ముక్కులోకి పోనివ్వద్దు, వాటిలో ఉండే ఒక రకం క్రిమి ముక్కు ద్వారా మెదడుకు పోతే ప్రాణం మీదికే వస్తుంది. అరుదే గానీ మరగబెడితే పోయేదానికి రిస్కు ఎందుకు.

కూర్చుంటే నిద్రొస్తే నిలబడు. హనుమకొండలో అగ్గలయ్య గుట్ట ఎక్కి చూశావా? బండకు చెక్కిన జైన తీర్థంకరులు చేతులు రెండూ పక్కకు వదిలేసి నిలబడి ఉంటారు. వాళ్ళ ధ్యానమే అది, కాయోత్సర్గం అంటారు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఆ విగ్రహాల్లో ఒకదాని కింద కూర్చుని మిర్చి బజ్జీలు తిన్నా, పెద్దయ్యాక తెలిసింది ఆయన ఏం చేస్తున్నాడో. నిలబడి చేస్తే నిద్ర రాదు, వస్తే పడతావు, లేస్తావు.

గురుపాదరేణువు:

ఇక్కడ అందరూ తలా ఒక మాట చెప్తున్నారు. గురువు లేకుండా ధ్యానం చేయకూడదు. ఉపదేశం లేని మంత్రం ఫలించదు, పైగా వికటిస్తుంది. యూట్యూబు చూసి, ఫోరం చూసి చేసేది కాదు ఇది. భ్రూమధ్యంలో, అంటే కనుబొమల నడుమ, వెలుగు కనిపించేదాకా గురువు సన్నిధిలో ఉండాలి. ఈ తమ్ముడికి వెలుగు కనిపించిందా అని ఒక్కరైనా అడిగారా?

మిర్చియార్డు గుమాస్తా:

సార్, వెలుగు కనిపించలేదు. ఒకరోజు పచ్చగా ఏదో మెరిసింది, కళ్ళు తెరిస్తే మా చిన్నది టార్చి వేసి మొహం మీద కొడుతుంది.

వెటకారం కాదు, గురువు ఉంటే మంచిదని నాకూ ఉంది. ఎట్లా తెలుస్తుంది ఎవరు గురువో? డబ్బులు అడిగినాయన కూడా తనను గురువు అనే చెప్పుకున్నాడు.

టీచరమ్మ, హనుమకొండ:

గురుపాదరేణువు గారూ, మీ మాటలో సగం నిజం ఉంది, కాదనను. బీజాక్షరాలతో ఉన్న మంత్రాలకు, శ్రీవిద్య లాంటి ఉపాసనలకు ఉపదేశం తీసుకోవాలనేది సంప్రదాయం, అవి పుస్తకంలో చూసి చేయమని నేనూ ఎవరికీ చెప్పను. ప్రాణాయామంలో ఊపిరి గట్టిగా బిగబట్టడం కూడా అంతే, చూసేవాళ్ళు లేకుండా వద్దు. నామానికి మాత్రం ఆ అడ్డం లేదు. అమ్మా అని పిలవడానికి బిడ్డకు ఎవరు ఉపదేశం ఇచ్చారు?

వెలుగు సంగతి మాత్రం వదిలేయండి. చూశాను చూశాను అని చెప్పుకునేవాళ్ళను చాలామందిని చూశా, ఇంట్లో కోడలి మీద అరవడం ఎవరికీ తగ్గలేదు.

తమ్ముడూ, గురువును ఎట్లా తెలుసుకోవాలంటే నా దగ్గర చిన్న కొలబద్ద ఉంది. నీకు తొందర పెడుతున్నాడా? ఈ మూడు రోజులు దాటితే అవకాశం పోతుంది అంటున్నాడా? ఇంట్లో చెప్పొద్దు అంటున్నాడా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా చెప్పులు వేసుకుని లేచి వచ్చేయ్. డబ్బు తీసుకోకుండా నేర్పేవాళ్ళు చాలామందే ఉన్నారు, రైలుబండి తమ్ముడు చెప్పిన చోటు ఒకటి. హైదరాబాద్ దగ్గర హార్ట్‌ఫుల్‌నెస్ ధ్యానం నేర్పే కన్హా శాంతివనం వాళ్ళూ ఫీజు తీసుకోరు, వాళ్ళది గుండెలో వెలుగు ఉన్నట్టు భావించి కూర్చునే పద్ధతి, ఉన్నట్టు భావించమంటారు, కనిపించాలని కాదు. బ్రహ్మకుమారీలు కళ్ళు తెరిచే చేస్తారు. చూసి రా, తొందరేం లేదు. అన్నీ ఒకేసారి మాత్రం చేయకు, నాలుగు చోట్ల నాలుగేసి అడుగులు తవ్వితే ఎక్కడా నీళ్ళు పడవు.

పేరు వద్దు:

రాయాలా వద్దా అనుకుని రాస్తున్నా. ఎవరినీ భయపెట్టాలని కాదు.

మా తమ్ముడు హనుమకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదివేవాడు. రెండుసార్లు పోయింది. ఆ టెన్షన్‌లో ధ్యానం మొదలు పెట్టాడు, మొదట మంచిగానే ఉంది, ప్రశాంతంగా కనిపించేవాడు, మేమూ సంతోషపడ్డాం. తర్వాత గంట రెండు గంటలు అయింది, రెండు నాలుగు అయింది. తిండి తగ్గించాడు, రాత్రి రెండు గంటలే పడుకునేవాడు, నిద్ర అవసరం లేదు అక్కా, లోపల శక్తి వస్తుంది అనేవాడు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారు అన్నాడు ఒకరోజు. వాడు పోయే గుంపులో అడిగితే అది ఉన్నత స్థితి, ఆపొద్దు అన్నారట. ఆ మాట నమ్మి మేం రెండు నెలలు పోగొట్టుకున్నాం. చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకుపోతే మందులతో, నిద్రతో మెల్లగా తేరుకున్నాడు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, డాక్టర్ని అడిగే పొద్దున పది నిమిషాలు జపం చేసుకుంటాడు, అంతకు మించి కూర్చోడు.

ధ్యానం చెడ్డదని నేను అనడం లేదు. నిద్ర పట్టకుండా పోయినా, భయం రోజురోజుకూ పెరిగినా, ఎవరూ లేని చోట మాటలు వినిపించినా అది ఆధ్యాత్మికం అని సర్దిచెప్పుకోకండి. డాక్టర్‌కు చూపించండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలి మానస్ అని మానసిక ఇబ్బందులకు ప్రభుత్వానిదే హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, పైసా ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు. మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

గుమాస్తా అన్నా, నీకు గుండె దడ అన్నావు. రైలుబండి అన్న చెప్పినట్టు చేసినా తగ్గకపోతే, కూర్చోనప్పుడు కూడా వస్తుంటే ఒకసారి బీపీ చూపించుకో.

కాజీపేట రైలుబండి:

ఈ పోస్టు పైన ఉండాల్సింది. ధమ్మఖేత్త కోర్సు దరఖాస్తు ఫారంలో కూడా మానసిక సమస్యలు, మందులు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు, చాలామంది దాచిపెట్టి రాస్తారు. దాచొద్దు.

మిర్చియార్డు గుమాస్తా:

అందరికీ చాలా థాంక్స్. పద్దెనిమిది రోజులు అయింది, ఏమైందో చెప్పాలి కదా అని వచ్చా.

పేరు వద్దు అక్కా, మీరు చెప్పగానే బీపీ చూపించుకున్నా, మామూలుగానే ఉంది. దడ కూర్చున్నప్పుడే వచ్చేది, వదిలే శ్వాస మాత్రమే చూడటం మొదలు పెట్టాక అది కూడా రావడం లేదు. మీ తమ్ముడు బాగున్నందుకు సంతోషం. 15 వేలాయన రెండుసార్లు ఫోన్ చేశాడు, మూడోసారి "ఈ అమావాస్య దాటితే నీకు యోగం లేదు" అన్నాడు. టీచరమ్మ కొలబద్ద గుర్తొచ్చి నవ్వొచ్చింది, నంబర్ బ్లాక్ చేశా.

36 నిమిషాలు మానేసి ఏడు నిమిషాలు పెట్టుకున్నా. పద్దెనిమిదిలో నాలుగు రోజులు తప్పింది. పొద్దున దీపం పెట్టాక, నామాలు మొదలు పెట్టక ముందు, ఆ శ్లోకంతో. అమ్మ మొదటి రోజు "ఏందిరా ఆగినవ్, మర్చిపోయినవా" అని అందించింది, పాపం నాకు శ్లోకం రాలేదనుకుంది. తర్వాత చెప్పా. రెండు రోజులు ఏమీ అనలేదు, మూడో రోజు చూస్తే తను కూడా ఆ శ్లోకం దగ్గర ఆగి కళ్ళు మూసుకుంది. ఎన్ని ఏళ్ళుగా చదువుతుందో ఆ పుస్తకం, అట్ట ఊడిపోయి దారంతో కుట్టి ఉంటుంది, ఆమె అక్కడ ఆగడం మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఏం కనిపించిందమ్మా అని అడిగితే "పాదాలకు పసుపు పెట్టుకున్నట్టుంది" అన్నది. శ్లోకంలో ఎర్రటి పాదాలు కదా అన్నా. "నాకు పసుపే కనిపించింది" అని వంటింట్లోకి పోయింది.

నాకైతే ఇంకా పూర్తిగా ఏమీ రాదు. పాదాలు వస్తాయి, కుండ దగ్గరికి రాగానే అది మా దుకాణంలో మంచినీళ్ళ కుండ అయిపోతుంది, అక్కడి నుంచి హమాలీలు, అక్కడి నుంచి కాంటా. పట్టుకుని వెనక్కి తెస్తున్నా. నిన్న చిన్నది వచ్చి ఒళ్ళో కూర్చుని "బాపూ, ఎన్నిసార్లు పోయినవ్" అని అడిగింది, దానికి ఈ లెక్క ఆటగా ఉంది. పదకొండు అని చెప్పా. నిజానికి లెక్క తప్పిపోయింది.

రాత్రిపూట ముక్కు కడుక్కోవడం మొదలు పెట్టా, మరగబెట్టిన నీళ్ళతోనే. సర్వపిండి తమ్మీ, నీకు దండం. మొదటి రోజు వచ్చిన నీళ్ళ రంగు చూసి మా ఆవిడ భయపడింది.

ఒక్క డౌటు మిగిలింది. టీచరమ్మా, గొంగడి అన్నారు కదా, చౌరస్తాలో రెండు దుకాణాలు తిరిగా, అన్నీ మిషన్‌వే, మెత్తగా జారిపోతున్నాయి, మడత నిలవడం లేదు. చేత్తో నేసింది ఎక్కడ దొరుకుతుంది?

సర్వపిండి:

దుకాణంలో ఎందుకన్నా, మార్కెట్‌కు ఊళ్ళ నుంచి వచ్చే రైతులను అడుగు, వాళ్ళ ఊళ్ళో నేసే కురుమల ఇల్లు ఎక్కడుందో చెప్తారు. నల్లది తీసుకో. కొత్తది నెల రోజులు గుచ్చుకుంటది, ముందే చెప్తున్నా, అప్పుడు మళ్ళీ ఇక్కడికి వచ్చి ధ్యానంలో దురద ఎందుకు వస్తుందని అడగకు.